మగ్గము విడిచి గ్రంథాలయమునకు

సిరిసిల్లలో మరమగ్గమును సాంచ యందురు. ఆ సాంచల నడుమ పండ్రెండు గంటలు నిలిచి పనిచేయు యువకు డొకడు ఆ పని మాని, చదువుకొని, కళాశాలలో గ్రంథాలయాధికారి కావలెనని తలంచె ననుకొందము. అతడు చేయునది ఉన్నతియా, పలాయనమా? ఈ ప్రశ్న మన ఇండ్లలో తరచుగ వినవచ్చునదే. కాని దానికి మన మిచ్చుకొను ప్రత్యుత్తరములు మాకు తృప్తి కలిగింపలేదు.

పిల్లవాడు బాగుపడినాడని పొరుగువారు సంతసింతురు. ఆ మాటలో కొడుకుపై మెచ్చుకోలు ఎంత కలదో, తండ్రి చేసిన పనియెడ తిరస్కారమును అంత కలదు. బట్ట కట్టుకొనక సభకు పోలేము. ఆ బట్ట నేసినవానిని మాత్రము సభలో ముందువరుసను కూర్చుండబెట్టము. మరియొక పక్షమువారు కులవృత్తిని విడుచుట ద్రోహ మందురు. ఈ మాట పలుకువారిలో మగ్గపుగుంటలో కాలు పెట్టినవారు ఎందరో మే మెరుగము. 1990 తరువాతి దశకములలో అప్పుల బాధకు సిరిసిల్ల నేతపనివా రనేకులు ప్రాణములు తీసికొనిరి. ఎందరో భివండికి, షోలాపురమునకు, సూరతునకు బ్రదుకు వెదకికొనుచు పోయిరి. 2017 లో రాష్ట్రప్రభుత్వము బతుకమ్మ చీరల నేత నప్పగించినపుడు కొంత ఊరట కలిగినది. ఒక్క కొనుగోలుదారుపై నాధారపడిన బ్రదుకు ఎంత నిలుకడ గలదో చెప్పనక్కరలేదు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతములలో స్త్రీలు బీడీలు చుట్టి సంసార మీడ్చుచున్నారు. ఇట్టి పనులను విడువవలదని చెప్పు హక్కు మనకు లేదు.

దారి సులభ మనుకొనరాదు. విశ్వవిద్యాలయమున సహాయ గ్రంథాలయాధికారి కావలెనన్న గ్రంథాలయశాస్త్రమున నూటికి 55 మార్కులతో స్నాతకోత్తర పట్టము, ఆపై జాతీయ అర్హత పరీక్షయో, డాక్టరేటో వలయును. 1982 లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము పనిచేసికొనుచు చదువువారికి ద్వారము తెరచినది. కాని ఆ యేండ్ల పొడవున ఇంటిలో కండెలు చుట్టునది తల్లియో, భార్యయో. ఆమె పేరు పట్టముపై నుండదు.

చదువు ముగిసి ఉద్యోగము దొరకినను మనసు కుదుటపడుటకు కాలము పట్టును. మన దేశమున గ్రంథాలయశాస్త్రమునకు ఆద్యుడైన రంగనాథన్‌గారు గణితోపాధ్యాయులు. 1924 లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున చేరి, ఆ ఏకాంతమును సహింపలేక, పాత కొలువునకు మరలింపుడని మొదటి దినములలోనే వేడుకొనిరి. పిదప లండనునకు పోయిరి. అచట నొక యంగడిలో మెకానో అను ఆటబొమ్మను చూచిరి. ఇనుపపట్టీలను, మరలను వేర్వేరు విధముల కూర్చి వేర్వేరు వస్తువులు చేయవచ్చును. 1933 లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణమునకు బీజ మదియే. చేతిపని నుండి పుస్తకముల క్రమము పుట్టిన దనుట అతిశయోక్తి కాదు.

కావున నేతగాడు గ్రంథాలయమున వట్టిచేతులతో అడుగిడడు. వేలపోగుల పడుగులో తెగిన యొక్క పోగును వ్రేలితో పట్టగలవాడు, తప్పుచోట పెట్టిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానమని ఇట్టే గ్రహించును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. పెక్కు గ్రంథాలయములు పాటించు డ్యూయీ పద్ధతిలో వస్త్రపరిశ్రమకు 677 సంఖ్య. అది యంత్రశిల్పముల వరుస. చేనేతకళకు 746; అది లలితకళల వరుస. ఒక్క మగ్గమును రెండు బీరువాలలో పెట్టినారు. నేత నెరుగని అధికారి అంకె చూచి పుస్తకమును సర్దును. నేసినవాడు ఈ గోడ ఎవరు కట్టిరని యడుగును.

వృత్తి మార్చుట దోషము కాదు. మారిన పిమ్మట మగ్గపుమాట ఎత్తినచో సిగ్గుపడుట దోషము. సిరిసిల్లలోను, జగిత్యాల చెంత కొండగట్టులోను ఇంజనీరింగు కళాశాలలు, పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల కలవు. వానిలో నేతగాండ్ర బిడ్డలు, బీడీలు చుట్టు తల్లుల బిడ్డలు చదువవచ్చుచున్నారు. తమ ఇంటిపనిని గూర్చి తెలుగున ఏమున్నదని వారిలో నొకరు అడిగినపుడు బీరువాలో తెరపి కనబడినచో, దానిని నింపవలసినవా డెవడు? గంజి ఎంత చిక్కన కావలెనో, ఏ ఋతువున పడుగు తెగునో ముసలి నేతగాడు పరాయివానికి చెప్పడు. ఆసు పోయుట తెలిసినవాడు కాగితము చేతబట్టుకొని వచ్చి ప్రక్కన కూర్చున్నచో, మొదట వానితో ఆసు పోయించి చూచి, పిదప చెప్పును.