సాలెగూటి వన్నె

పశ్చిమాఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ దేశాలలో ఉండే ఒక చిన్న కొండచిలువ బెదిరితే బంతివలె చుట్టుకొంటుంది. సాలెగూటివంటి సన్నగీతల వన్నెను దాని సంతతిలో అమెరికా పెంపకందారులు 1999లో నిలబెట్టారు. ఆ గీతలను చూచి ముచ్చటపడనివారు అరుదు. కాని ఆ వన్నెతోపాటు, ఎక్కువగానో తక్కువగానో, తల వణకడమూ వస్తుంది. వాటి లోపలి చెవి వికృతంగా ఏర్పడుతున్నదని 2022లో జర్మనీ శాస్త్రజ్ఞులు చూపారు.

‘తింటున్నది, గుడ్లు పెడుతున్నది, ఇక బాధ ఎక్కడ?’ అంటారు కొనేవారు. ఈ వాదం బొత్తిగా త్రోసివేయదగినది కాదు. పాము బాధను కొలిచే సాధనం మనిషివద్ద లేదు. అయితే ఆ తెలియమినే వారు తమ పక్షాన సాక్షిగా నిలుపుకొంటున్నారు. పుట్టిన పామును ఆదరించి సాకడం వేరు, అటువంటివే పుట్టించడానికి దానిని కొనడం వేరు. మామూలు పాముతో జతకట్టించినా పిల్లలలో ఇంచుమించు సగం ఆ వన్నెతోనే పుడతాయి. కొనేవాడు ఆ లెక్క చూచుకొనే ధర చెల్లిస్తాడు.