పిడిలో దాగిన అతుకు



గజపతినగరంలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక, వెల్డింగు షాపులో పనిచేసే యువకుడొకడు నన్ను ఆపి అడిగాడు: "ఫాదరుగారూ, పొరల ఉక్కుతో కత్తి చేశానండీ. పిడిలోకి దిగే తోక చాల్లేదు. మామూలు ఇనుప ముక్క అతికి పొడుగు చేశాను. పైన కర్ర పిడి వేస్తే అతుకు కనబడదు. కొనేవాళ్ళకు చెప్పాలాండీ?"

ప్రశ్న చిన్నదే గాని మనందరి మనస్సాక్షినీ తాకేది.

ముందు పని సంగతి చూద్దాం. రెండు రకాల ఉక్కు పలకలను పేర్చి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో కొట్టి ఏకం చేస్తే పొరల ఉక్కు అవుతుంది. ఆమ్లంలో ముంచితే అలల్లాంటి గీతలు తేలుతాయి. అది ఖరీదైనది. పిడిలో దాగే భాగానికి పదును అక్కరలేదు, విరగకుండా ఉంటే చాలు. కనుక అక్కడ మామూలు ఇనుము అతకడం మోసం కాదు, పొదుపు. అంచుకు మాత్రమే ఉక్కు పెట్టి తక్కినది ఇనుముతో చేయడం కమ్మరుల పాత పద్ధతే.

అయితే అతుకు సరిగా ఉండాలి. గట్టి ఉక్కును అతికి గబగబా చల్లారనిస్తే, అతుకు పక్క చోటు గాజులా పెళుసవుతుంది. ముందుగా వేడిచేసి, తర్వాత మెల్లగా చల్లార్చి, మళ్ళీ కొద్దిగా కాచి ఆ పెళుసుతనం తీయాలి. బరువు ఎక్కువగా పడే పిడి మొదట్లో అతుకు పెట్టకూడదు. ఇవేవీ చేయకుండా పైన కర్ర బిగిస్తే, ఏదో ఒకనాడు పనసకాయ కోసే తల్లి చేతిలో కత్తి విరుగుతుంది.

13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు ఇటువంటి ప్రశ్నను విచారించారు. గుర్రానికి ఒక కన్ను లేదంటే కొనేవాడికి కనబడుతూనే ఉంది. తగినట్టు ధర తగ్గిస్తే, అమ్మేవాడు నోరు తెరిచి చెప్పనక్కరలేదు. కాని కనబడని లోపం వల్ల కొనేవాడికి నష్టమో అపాయమో కలిగేటట్లయితే చెప్పి తీరాలన్నారు.

పేరు విషయంలోనూ అంతే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో తయారైన ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది. ఆ ఉక్కు గీతలు వేరు, ఈ పొరల గీతలు వేరు. దీన్ని దాని పేరుతో అమ్మరాదు.

ఆ యువకుడితో ఇలా అన్నాను: "గట్టి అతుకైతే దాచవలసిన పని లేదు, చెప్పి అమ్ము. బలహీనమైన అతుకైతే చెప్పి కూడా అమ్మకు, ఊడదీసి మళ్ళీ చెయ్యి. అంతా ఒకే ముక్క అని మాత్రం అనకు. అది ఎనిమిదవ ఆజ్ఞను మీరడం. ఆ మాటతో ఎక్కువ ధర రాబడితే ఏడవ ఆజ్ఞనూ మీరినట్టే."

ఇది కత్తులు చేసేవారికేనా? పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి తాగుడును, ఒంట్లోని జబ్బును, ఇంటిమీది అప్పును మనం ఏ పిడి కింద దాస్తున్నాం? అతుకులు లేని కుటుంబం లేదు. చెప్పుకున్న అతుకును ఇద్దరూ కలిసి కాపాడుకుంటారు. దాచిన అతుకు బరువు పడిన నాడే బయటపడుతుంది.

ఈసారి పాపసంకీర్తనానికి వెళ్ళే ముందు, మన చేతిపనిలో, మన మాటలో ఎదుటివారికి తెలియనివ్వని అతుకు ఏముందో తడిమి చూసుకుందాం.