హక్కును అడగడం యాచన కాదు

 

విశ్వాసి జీవితం పరీక్షలకు అతీతం కాదు. భయంతోనూ, ఆకలితోనూ, ఆస్తిపాస్తుల నష్టంతోనూ దాసులను పరీక్షించడం తన సంప్రదాయమని అల్లాహ్ బఖరా సూరా 155వ ఆయత్‌లో మనకు ముందే తెలియజేశాడు. అయితే పరీక్ష వచ్చినప్పుడు సహనం వహించడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. ధర్మం తెరిచి ఉంచిన ద్వారాలను వెదకడం కూడా సహనంలో భాగమే.

ఇద్దరు పసిపిల్లలున్న ఓ యువ దంపతుల కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్త రోజూ రేపల్లెలో రైలెక్కి తెనాలి వైపు ఓ మిల్లులో పనికి వెళ్తాడు. ఒకరోజు యజమాని మిల్లు మూసేశాడు. నెల తిరక్కుండానే భార్య మూత్రపిండాలు పాడయ్యాయని, డయాలిసిస్ తప్పదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. స్కూలు ఫీజు బాకీ పడింది. ఇలాంటి ఇళ్లు తెనాలిలోనూ ఉంటాయి, బాపట్లలోనూ ఉంటాయి, మన వీధిలోనూ ఉంటాయి.

ఇలాంటి ఇంటి తలుపు అందరికన్నా ముందు తట్టేది తరచుగా వడ్డీ వ్యాపారే. ఆ తర్వాత భార్య మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్తుంది. అది ఆమె సొంత ఆస్తి అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. "సచివాలయానికి వెళ్లి అడగరాదా? ఈఎస్ఐ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోరాదా?" అని ఎవరైనా అంటే మాత్రం, "అడుక్కుంటున్నామని నలుగురూ అనుకుంటారు. పరువు పోతుంది" అనే సమాధానం వస్తుంది. వడ్డీకి తెస్తే పోని పరువు, హక్కుగా రావలసినది అడిగితే పోతుందా? వడ్డీని మానని వారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త (స) తరఫున యుద్ధ ప్రకటన ఉన్నదని అదే బఖరా సూరా (279) హెచ్చరిస్తోంది. హలాల్ ద్వారం దగ్గర సిగ్గుపడి, హరామ్ ద్వారం దగ్గర తల వంచడం ఏపాటి ఆత్మగౌరవమో మనం ఆలోచించాలి.

దైవప్రవక్త (స) గీసిన గీత

ఇస్లాం యాచనను గట్టిగా నిరుత్సాహపరిచింది. ఇందులో సందేహం లేదు. తాడు తీసుకొని అడవికి వెళ్లి, కట్టెల మోపు వీపున మోసుకొచ్చి అమ్ముకొని బతకడం జనం ముందు చేయి చాపడం కన్నా ఎంతో మేలని దైవప్రవక్త (స) బోధించారు. ఇచ్చే చేయి పుచ్చుకునే చేయి కన్నా మేలైనదని కూడా సెలవిచ్చారు.

మరి మోపు మోయవలసిన వీపే మంచాన పడితే? మోయడానికి మోపే దొరక్కపోతే?

దీనికి హజ్రత్ ఖబీసా బిన్ ముఖారిఖ్ (రజి) ఉదంతంలో సమాధానం ఉంది. సహీహ్ ముస్లింలో నమోదైన సంఘటన ఇది. ఆయన ఒక హామీ భారాన్ని తలకెత్తుకొని, సాయం కోరుతూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఆయన (స) ఖబీసాను మందలించలేదు. సదఖా సొమ్ము వచ్చేవరకు ఉండమన్నారు. ఆ తర్వాత మూడు రకాల మనుషులకు తప్ప అడగడం ధర్మసమ్మతం కాదని వివరించారు. మొదటివాడు ఇతరుల కోసం హామీ భారం మోసినవాడు. రెండోవాడు ఆపద వచ్చిపడి ఆస్తి తుడిచిపెట్టుకుపోయినవాడు. మూడోవాడు పేదరికంలో కూరుకుపోగా, ఆ సంగతిని అతని వారిలోనే ముగ్గురు వివేకవంతులు ధ్రువీకరించినవాడు. వీరు కూడా జీవితం నిలదొక్కుకునేవరకే తీసుకోవాలి. అంతకు మించి తీసుకున్నది హరామ్ తిండి.

ఈ హదీసును నిదానంగా పరిశీలిస్తే అందులో మూడు షరతులు కనిపిస్తాయి. నిజమైన కారణం ఉండాలి. దానికి సాక్ష్యం ఉండాలి. తీసుకోవడానికి ఒక హద్దు ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట అడగడంలో అవమానం లేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అందులో బరకత్ లేదు.

ఖజానాలో పసిపాప వాటా

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో పిల్లలకు బైతుల్‌మాల్ నుంచి భత్యం అందేది. అయితే పాలు మాన్పించిన పిల్లలకే ఇవ్వాలన్నది నాటి నిబంధన. ఒక రాత్రి మదీనా వెలుపల ఓ బిడారు విడిది చేసింది. ఆయన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి దానికి కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆయన వెళ్లి తల్లికి చెప్పి వచ్చారు. కాసేపటికి మళ్లీ ఏడుపు. మళ్లీ వెళ్లారు. చివరకు కారణం అడిగితే, ఎదుట ఉన్నది ఖలీఫా అని తెలియని ఆ తల్లి ఉన్న మాట చెప్పింది. ఉమర్ పాలు మానిన పిల్లలకే భత్యం ఇస్తాడు కాబట్టి, వేళ కాకముందే బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నానన్నది. ఆ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజులో ఆయన ఖిరాఅత్ సరిగా వినబడనంతగా దుఃఖించారు. పుట్టిన నాటి నుంచే ప్రతి బిడ్డకూ భత్యం ఇవ్వాలని ఆదేశాలు జారీచేశారు.

గమనించండి. ఖజానా కోసం ఆశపడ్డావని ఆయన ఆ తల్లిని నిందించలేదు. తన నిబంధననే సరిదిద్దుకున్నారు. అలాగే యాచిస్తూ కనిపించిన ఒక వృద్ధ యూదునికి కూడా ఆయన బైతుల్‌మాల్ నుంచి సాయం ఏర్పాటు చేశారు. ప్రజాధనంలో నిస్సహాయుని వాటా ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు.

నేటి ప్రభుత్వ ఖజానా బైతుల్‌మాల్ కాదు కదా అని కొందరు సందేహిస్తారు. నిజమే. కానీ అందులో మన సొమ్ము కూడా ఉంది. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మనమూ పన్ను కడుతున్నాం. ఈఎస్ఐ విషయానికొస్తే, కార్మికుని జీతంలోంచి నెలనెలా 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం జమ అవుతుంది. తన చెమట నుంచి వెళ్లిన సొమ్ము ఆపదలో తనకు తిరిగి వస్తుంటే దాన్ని యాచన అనడం ఎలా సబబు?

ఏ ద్వారం ఎక్కడుంది?

హక్కు ఉండి కూడా తెలియక పోగొట్టుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. అందుకే కొన్ని విషయాలు వివరంగా చెప్పుకుందాం.

నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉండి, ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేసేవారికి, వారి కుటుంబానికి వైద్యం లభిస్తుంది. ఉద్యోగం పోయిన రోజునే ఈ వైద్యం ఆగిపోదు. కట్టిన చందాను బట్టి కొంతకాలం కొనసాగుతుంది. మన ప్రాంతం వారికి విజయవాడ గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. కార్మికుడే జబ్బుపడితే, నియమిత చందా ఉన్న పక్షంలో, ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదుగా వస్తుంది. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధుల్లో అర్హత ఉంటే 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు పొందవచ్చు. జబ్బుపడింది భార్య అయితే వైద్యమే గాని ఈ నగదు ఉండదు. ఈ తేడా ముందే తెలుసుకుంటే ఆఫీసుల చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది.

పని పోయినవారి కోసం ఈఎస్ఐలోనే 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన మొదలైంది. 2020 కరోనా కాలంలో దీని కింద ఇచ్చే భృతిని సగటు వేతనంలో 25 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. దీన్ని 90 రోజుల వరకు ఇస్తారు. గడువును ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వచ్చిన పథకం కాబట్టి తాజా వివరాలు ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో కనుక్కోవాలి. ఏడాదికి పైగా నిరంతరాయంగా పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తొలగిస్తే నెల రోజుల నోటీసు లేదా దాని బదులు జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. 1947 నాటి చట్టంలోని ఈ నియమం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో కూడా కొనసాగింది. కార్మికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధనను ఎరిగిన ముస్లిం యజమానికి ఈ సంగతి చట్టం గుర్తుచేయవలసిన అవసరమే రాకూడదు.

మన టైలర్లు, పరుపులు కుట్టేవారు, వెల్డర్లు, ఆటో డ్రైవర్లలో చాలామందికి ఈఎస్ఐ ఉండదు. వీరు పేద కుటుంబంగా రేషన్ కార్డు సరిగా ఉంచుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలవబడుతున్న పథకం కింద చేరిన ఆసుపత్రుల్లో 'ఆరోగ్యమిత్ర' ఉంటారు. డబ్బు కట్టకముందే వారిని కలవాలి. డయాలిసిస్ చేయించుకునే మూత్రపిండాల రోగులకు 10,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు, ఇతర వికలాంగులకు 6,000 రూపాయలు నెలకు పింఛనుగా 2024లో నిర్ణయించారు. దరఖాస్తుకు 2019 నుంచి ఉన్న గ్రామ, వార్డు సచివాలయాలకు వెళ్లాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. కాబట్టి రేపల్లె సోదరులు తమ అర్జీతో గుంటూరుకు కాదు, బాపట్ల కలెక్టరేట్‌కు వెళ్లాలి. సోమవారం అక్కడ ప్రజల అర్జీలు స్వీకరిస్తారు. ఎవరైనా దళారీ "ఇంత ఇస్తే పని అవుతుంది" అంటే అతని మాట వినకండి. లంచం ఇచ్చేవాడూ, పుచ్చుకునేవాడూ ఇద్దరూ శాపగ్రస్తులే.

సాక్ష్యం అబద్ధమైతే...

ఇక రెండో షరతు సాక్ష్యం. లేని వైకల్యాన్ని ఉన్నట్లు రాయించుకోవడం, ఆదాయం దాచడం, కార్డు కోసం కలిసి ఉంటూనే విడిపోయామని చెప్పడం - వీటిని కొందరు తెలివితేటలనుకుంటారు. "సర్కారు సొమ్మేగా, ఎవరి జేబులోంచి పోతోంది?" అంటారు. నిజానికి అది అచ్చంగా పేదవాని జేబులోంచే పోతోంది. వికలాంగుల పింఛన్లలో అనర్హులున్నారంటూ 2025లో ప్రభుత్వం మళ్లీ పరీక్షలు చేయించింది. అప్పుడు నిజంగా కాళ్లు కదలనివారు కూడా ఆసుపత్రి మెట్ల దగ్గర పడిగాపులు కాయవలసి వచ్చింది. ఒకడు ఆడిన అబద్ధానికి మరొకడు శిక్ష అనుభవించడమంటే ఇదే. ఆ వికలాంగుడు ప్రళయదినాన మన కొంగు పట్టుకొని నిలదీస్తే ఏం జవాబు చెబుతాం? ఒక ప్రభుత్వోద్యోగి సంతకం ఇక్కడ పని జరిపించవచ్చు గాని, అల్లాహ్ సన్నిధిలో అది చెల్లదు.

మూడో షరతు హద్దు. ఆరోగ్యం కుదుటపడి, పని దొరికి, ఇల్లు నిలదొక్కుకున్నాక చాలించుకోవాలి. అర్హత పోయిన సాయాన్ని అలాగే పుచ్చుకుంటూ పోవడం, హదీసులో చెప్పిన హరామ్ తిండిని పిల్లలకు పెట్టడమే అవుతుంది. ఈ రోజు పుచ్చుకున్న చేయి రేపు ఇచ్చే చేయి కావాలన్న సంకల్పం ముందునుంచే ఉండాలి.

ఆ ముగ్గురు వివేకవంతులు ఎవరు?

హదీసులో పేదవాని కోసం సాక్ష్యం చెప్పే ముగ్గురు అతని వారిలోనే ఉన్నారు. అతని స్థితి తెలిసినవారు, వచ్చి నోరు విప్పేవారు. మరి మన మొహల్లాలో ఆ ముగ్గురు ఎవరు? అడగడానికి సిగ్గుపడేవారిని తెలియనివాడు కలవారిగా భావిస్తాడని, వారిని ముఖకవళికలను బట్టి గుర్తించవచ్చునని బఖరా సూరా (273) సూచిస్తోంది. అంటే వారు మన దగ్గరకు రారు. మనమే వారిని గుర్తించాలి. మస్జిద్‌లో క్రమం తప్పకుండా కనిపించే సోదరుడు రెండు జుమాల నుంచి రాకపోతే అతని తలుపు తట్టాలి.

చదువుకున్న మన యువకులు జుమా తర్వాత ఒక గంట మస్జిద్ ఆవరణలో కూర్చొని దరఖాస్తులు నింపిపెట్టవచ్చు. ఆఫీసుకు తోడుగా వెళ్లవచ్చు. హక్కు నిరాకరించబడితే కోర్టులోని న్యాయసేవా సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం కోరవచ్చు. ప్రభుత్వ కాగితం కదలడానికి నెలలు పట్టవచ్చు. పిల్లల ఆకలి అన్నాళ్లు ఆగదు. ఆ మధ్యకాలాన్ని పూరించవలసింది మన జకాత్, మన ఖర్జె హసనా. జకాత్‌కు అల్లాహ్ తౌబా సూరా (60)లో నిర్ణయించిన ఎనిమిది పద్దుల్లో నిరుపేదలు, అక్కరగలవారు, రుణగ్రస్తులు ఉన్నారు. వడ్డీ వ్యాపారి కన్నా ముందు ఆ గుమ్మం చేరవలసింది మనమే. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసి ఆ కుటుంబం తల దించుకునేలా చేయకండి. ఇంటివారికి చెప్పి ఒక పూట వంట ఎక్కువ చేయించి పంపడం కూడా సదఖాయే.

కష్టంలో ఉన్న సోదరా, సోదరీ! మీ మంచాన్ని, మీ ఖాళీ డబ్బాను అల్లాహ్ చూస్తున్నాడు. నిజం చెప్పండి, మీ హక్కు అడగండి, అవసరమైనంతే తీసుకోండి. మిగిలినవారమంతా మీకు సాక్షులుగా నిలబడటం మా బాధ్యత.

అల్లాహ్ మనల్ని వడ్డీ ఊబి నుంచి, అబద్ధపు సంపాదన నుంచి కాపాడుగాక! రోగులకు స్వస్థతను, పనిలేనివారికి హలాల్ ఉపాధిని, కలిగినవారికి పొరుగువాని ముఖం చదవగల చూపును ప్రసాదించుగాక! ఆమీన్.