తండ్రి నేరం, బిడ్డ బొమ్మ

రాజకీయ నాయకుల పిల్లల మీద కార్టూన్లు వేయవచ్చా? నా జవాబు దాచుకోను: వేయకూడదు. అయితే జవాబు ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఉపదేశంలా ఉంటుంది. అందుకే ఎదురుప్రశ్నలు వేసే మనిషిని కూడా పెట్టుకుని సంవాదంగా రాస్తున్నాను. ఇద్దరిలో ఒకరు బళ్లారిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవాడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. సరిహద్దు అవతల అనంతపురం పేపర్లకు కార్టూన్లు వేస్తుంటాడు. చోటు రాయల్ సర్కిల్ దగ్గర టిఫిన్ సెంటర్. ఇద్దరి ముందూ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ.

కార్టూనిస్టు: ఇది చూడండి సార్. 2016లో వేసింది, అచ్చు కాలేదు. గనుల నాయకుడు గాలి జనార్దనరెడ్డి గారింటి పెళ్లి. పెళ్లికూతురి కొంగు సాగి సాగి చివరికి ఇనుప ఖనిజం లారీల బారు అవుతుంది.

మాస్టారు: గీత బాగుంది. కొంగు అంచు టైర్ల జాడలో కలిసిపోయిన చోట నీ చెయ్యి తెలుస్తోంది. అయినా ఈ బొమ్మ వేయకుండా ఉండాల్సింది నాయనా. అచ్చు వేయని ఎడిటర్ మంచి పని చేశాడు.

కార్టూనిస్టు: ఎందుకు సార్? నవంబరు 8న నోట్లు రద్దు. 16న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పెళ్లి. విజయనగరం గుళ్లను తలపించే సెట్టింగులు. మూత తీస్తే తెర వెలిగి ఇంటిల్లిపాదీ పాట పాడే శుభలేఖ. 500 కోట్లు ఖర్చయిందని పేపర్లు రాశాయి. అదే వారం ఇక్కడ మనవాళ్లు రెండు వేల నోటు కోసం ఏటీఎంల ముందు పడిగాపులు పడ్డారు. అది గీయకపోతే ఇంక నేనెందుకు?

మాస్టారు: అది గీయాల్సిందే. ఆ అమ్మాయిని గీయనక్కర్లేదు. గనుల లీజు ఆమె తీసుకుందా? పర్మిట్ల మీద సంతకాలు పెట్టిందా? పెళ్లి చేసుకుంది, అంతే. అత్త మీద కోపం దుత్త మీద చూపించావు నువ్వు.

కార్టూనిస్టు: కానీ ఆమె చిన్నపిల్ల కాదు కదా సార్. పెళ్లీడుకొచ్చిన మనిషి.

మాస్టారు: వయసు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. రంగంలోకి దిగిందా లేదా, అది చూడు. 1995 ఆగస్టులో ఎన్టీఆర్ కొడుకులు తండ్రిని కాదని బావ చంద్రబాబు వైపు నిలబడ్డారు. వాళ్లను గీస్తే తప్పేముంది? అది ఇంటి గొడవ కాదు, ఒక ప్రభుత్వం కూలిన గొడవ. మాజీ ముఖ్యమంత్రి యడ్యూరప్ప కొడుకులు, అల్లుడు గనుల కంపెనీ ఇచ్చిన విరాళాల కేసులో నిందితులయ్యారు. అప్పుడు వాళ్ల బొమ్మ వేయడం న్యాయమే. 2016 అక్టోబరులో సీబీఐ కోర్టు అందరినీ నిర్దోషులంది. ఆ తర్వాత కూడా అదే బొమ్మ వేస్తే అన్యాయం. మన బళ్లారి సిటీలో 2023లో గెలిచిన భరత్ రెడ్డి మాజీ ఎమ్మెల్యే కొడుకే. ఓటు అడిగి గెలిచాడు కాబట్టి ఆయన్ను ఎంతైనా వెక్కిరించు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే వారసులు ఏ పార్టీలో ఉన్నా వదలొద్దు.

కార్టూనిస్టు: జనార్దనరెడ్డి కొడుకు హీరో అయ్యాడు కదా. 2025 జులైలో ‘జూనియర్’ వచ్చింది.

మాస్టారు: నటన మీద రాయి, డాన్సు మీద రాయి. టికెట్ కొన్నవాడికి ఆ హక్కుంది. ఆ కుర్రాడి చేతికి గునపం ఇచ్చి గనిలో నిలబెడితే మాత్రం నువ్వు సమీక్షకుడివీ కావు, కార్టూనిస్టువీ కావు.

కార్టూనిస్టు: సరే సార్, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటుంది. బిడ్డను వేదిక ఎక్కించింది ఎవరు? తండ్రే కదా! శుభలేఖలో కెమెరా ముందు కుటుంబాన్నంతా పాడించింది ఆయనే. ఇంటి గుమ్మం దాటించి బిడ్డను బజారుకు తెచ్చింది తండ్రి అయితే, బజారులో కూర్చున్న నేను కళ్లు మూసుకోవాలా?

మాస్టారు: ఇది గట్టి ప్రశ్న. దీని మీద కాస్త నిలుద్దాం.

కార్టూనిస్టు: ఈ ప్రశ్న నా ఒక్కడిదే కాదు. 2015 డిసెంబరులో అమెరికాలో టెడ్ క్రూజ్ అనే సెనేటర్ అధ్యక్ష పదవికి పోటీపడుతూ ఒక ప్రకటన తీయించాడు. సోఫాలో కూర్చుని ఇద్దరు చిన్న కూతుళ్లకు క్రిస్మస్ కథలు చదువుతుంటాడు. కథల్లో ఎక్కువగా ఉన్నవి హిల్లరీ క్లింటన్ మీద, ఒబామా మీద ఎత్తిపొడుపులే. ఒక పాప కూడా అలాంటి మాట ఒకటి చదువుతుంది. ఆన్ టెల్నాస్ అనే కార్టూనిస్టు వాషింగ్టన్ పోస్ట్ కోసం దాని మీద బొమ్మ వేసింది. క్రూజ్ శాంతాక్లాజ్ వేషంలో పాటల పెట్టె వాయిస్తుంటాడు, గొలుసులు కట్టిన రెండు కోతులు ఆడుతుంటాయి. ఎడిటర్ ఆ బొమ్మను వెబ్‌సైటు నుంచి తీసేశాడు. ఆమె వాదన ఏమిటంటే, పిల్లలను ప్రచార సరంజామాగా వాడుకుంది తండ్రే అని. ఆమె చిల్లర కార్టూనిస్టు కాదు సార్. 2001లో పులిట్జర్ తీసుకుంది. 2025 జనవరిలో పత్రిక యజమాని మీద వేసిన బొమ్మను ఆపారని అదే ఉద్యోగం వదిలేసింది.

మాస్టారు: ఆమె ధైర్యం మీద నాకు గౌరవమే. ఆ బొమ్మలో సగం అద్భుతం కూడా. పెట్టె వాయిస్తూ గొలుసు పట్టుకున్న తండ్రి చాలు, ఆ ప్రకటన ఏమిటో చెప్పేశాడు. ఆ గొలుసు రెండో కొసను ఫ్రేము బయటికి పోనివ్వు. కోతులను గీయొద్దు. చూసేవాడు ఆ కొసన ఎవరున్నారో తానే ఊహించుకుంటాడు, ఊహించుకుని సిగ్గుపడతాడు. ఎవరి గురించి? గొలుసు పట్టుకున్నవాడి గురించి. కోతులను కూడా గీస్తే చూపు జారిపోతుంది. ‘అయ్యో, పసిపిల్లలను కోతులన్నారే’ అంటారు జనం. తర్వాత ఏమైందో తెలుసు కదా?

కార్టూనిస్టు: తెలుసు సార్. ‘నా పిల్లల మీద దాడి చేశారు’ అంటూ క్రూజ్ అభిమానులకు ఈమెయిల్ పంపి, ఒక్క రోజులో పది లక్షల డాలర్ల విరాళాలు కావాలన్నాడు.

మాస్టారు: చూశావా! పిల్లలను వాడుకుంటున్నాడని చూపించబోయిన బొమ్మ, పిల్లలను ఇంకోసారి వాడుకునే అవకాశం ఆయన చేతికే ఇచ్చింది. నా వాదనంతా ఇదే. బిడ్డను గీయడం దయలేని పని, అది ఒక తప్పు. దానికంటే పెద్ద తప్పు, దోషిని తప్పించడం. బిడ్డ బొమ్మ పడిన మరుక్షణం నాయకుడు నాయకుడిగా మిగలడు, గాయపడిన తండ్రి అయిపోతాడు. తండ్రి కన్నీళ్ల ముందు ఏ ఆడిట్ రిపోర్టూ నిలవదు.

కార్టూనిస్టు: అమెరికా సంగతి వేరు సార్. మన దగ్గర...

మాస్టారు: మన దగ్గరా అంతే. 2021 డిసెంబరులో హైదరాబాదులో ఒక యూట్యూబ్ ఛానెల్ పోల్ పెట్టింది. అడిగింది తెలంగాణ అభివృద్ధి గురించి. ఎగతాళి చేసింది మాత్రం అప్పటి మంత్రి కేటీఆర్ కొడుకు శరీరాన్ని. ఆ అబ్బాయి అప్పటికి మైనరు. ఆ ఛానెల్ బీజేపీ గొంతేనంటూ కేటీఆర్ ఆ పార్టీ అప్పటి అధ్యక్షుడు నడ్డాను ట్యాగ్ చేసి, మీరు నేర్పే సంస్కారం ఇదేనా అన్నారు. ఛానెల్ ఆఫీసు మీద దాడి జరిగింది. అభివృద్ధి గురించి అడిగిన ప్రశ్న ఎటు పోయింది? బిడ్డ అవమానం ముందు అది ఎవరికీ పట్టలేదు. ఆ దాడీ తప్పే, ఆ పోలూ తప్పే. లాభం మాత్రం జవాబు చెప్పాల్సినవాళ్లకు దక్కింది.

కార్టూనిస్టు: ఇంకో చిక్కు ప్రశ్న సార్. బెయిలు షరతుల వల్ల అప్పట్లో జనార్దనరెడ్డి బళ్లారిలో అడుగుపెట్టడానికి వీల్లేకపోయింది. 2022 అక్టోబరులో కూతురు ప్రసవించిందని చెబితే, నవంబరు 6 వరకు ఇక్కడ ఉండటానికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అంటే ఊళ్లోకి రావడానికి పసిబిడ్డ తాళంచెవి అయింది. గీయొద్దా?

మాస్టారు: తాళంచెవి గీయి, తలుపు గీయి, కాపలావాణ్ణి గీయి. రోజువారీ విచారణ జరపాలని కోర్టు అప్పుడే చెప్పింది, ఆ కేసు కట్టలు గీయి. ఉయ్యాలను మాత్రం వదిలెయ్. తాత కావడం నేరం కాదు.

కార్టూనిస్టు: ఒప్పుకుంటున్నాను. కానీ ఉన్నమాట చెబుతాను సార్. మేము పెళ్లికూతురి మీద, ఉయ్యాల మీద ఎందుకు పడతామంటే, ఇనుప ఖనిజానికి మొహం లేదు. జనార్దనరెడ్డి మీదున్న ఓబుళాపురం గనుల కేసు అంటే సర్వే నంబర్లు, లీజు మ్యాపులు, రవాణా పర్మిట్లు. వాటికి కన్నూ ముక్కూ ఎక్కడ పెట్టాలి?

మాస్టారు: ఇదీ అసలు మాట! ఓబుళాపురం ఎక్కడుంది? అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలో. పక్కనే మన బళ్లారి జిల్లా. రెండు రాష్ట్రాల సరిహద్దు గుర్తులు చెరిపేశారన్న ఆరోపణ వచ్చి, సర్వే ఆఫ్ ఇండియాతో కొలిపించాల్సి వచ్చింది. అసలు ఆ హద్దు ఎప్పుడు పడింది? 1953 అక్టోబరు 1న. అంతవరకు మనమంతా మద్రాసు రాష్ట్రమే. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. బళ్లారి రాఘవ వకీలుగా కేసులు వాదించి నాటకాలాడిన ఊరు, కోలాచలం శ్రీనివాసరావు తెలుగు నాటకాలు రాసిన ఊరు అటు పోయిందని ఆంధ్రలో ఎంత బాధపడ్డారనుకున్నావ్! ఇప్పటికీ మన ఇళ్లలో తెలుగు, ఆఫీసులో కన్నడం, సంతలో రెండూ.

కార్టూనిస్టు: నాటకాల రోజుల్లో మేలేమో సార్. వేషం కట్టినవాణ్ణే విమర్శించేవాళ్లు.

మాస్టారు: అప్పుడూ వెక్కిరింతలుండేవిలే. సరే, ఎక్కడికో పోయాం. మొహం లేని నేరం అన్నావు. ఒకటి అడుగుతాను. 2016లో పెళ్లి మీద ఎన్ని కార్టూన్లు వేశావు?

కార్టూనిస్టు: వారమంతా అవే సార్.

మాస్టారు: 2009లో పెట్టిన ఓబుళాపురం కేసులో 2025 మే 6న హైదరాబాదు సీబీఐ కోర్టు జనార్దనరెడ్డికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలు ఆపింది. అప్పీలు నడుస్తోంది, తుది మాట ఇంకా రాలేదు. పదహారేళ్ల ఆ కథ మీద ఎన్ని వేశావు?

కార్టూనిస్టు: ...ఒకటి సార్.

మాస్టారు: అదీ లెక్క. పెళ్లి పట్టుచీర గీయడం సులువు. పదహారేళ్ల కేసు గీయడానికి ఫైళ్లు చదవాలి. బిడ్డను గీయడమంటే తండ్రి ఫైలు చదవకుండా తప్పించుకోవడం. సర్వే గొలుసు గీయి. రాత్రికి రాత్రి లేచి నడిచిపోయే హద్దురాయి గీయి. రెండు రాష్ట్రాల పర్మిట్లు ఒకే జేబులో పెట్టుకున్న లారీ గీయి. వాటికి నువ్వు మొహం పెట్టగలవు, నీ పనే అది.

కార్టూనిస్టు: మరి భావప్రకటన స్వేచ్ఛ సార్?

మాస్టారు: ఉంది. ఉన్న హక్కునల్లా వాడి తీరాలని ఎక్కడా రాయలేదు.

కార్టూనిస్టు: నేను గీయకపోయినా వాట్సాప్‌లో మీమ్‌లు తిరుగుతాయి.

మాస్టారు: తిరగనీ. వాటి కింద నీ సంతకం ఉండదు.

కార్టూనిస్టు: రైతు బిడ్డను, అడుక్కునే బిడ్డను రోజూ గీస్తున్నాం. నాయకుడి బిడ్డకే ఎందుకీ మినహాయింపు?

మాస్టారు: రైతు బిడ్డను జాలిపడి గీస్తావు, నాయకుడి బిడ్డను నవ్వడానికి గీస్తావు. రెండూ ఒకటి కావు.

కార్టూనిస్టు: జాలిపడమని కూడా ఆ రైతు బిడ్డ అడగలేదు కదా సార్... సరే, దాని మీద ఇంకోసారి. మీ మాటే నిజం. ఈ పెళ్లికూతురి బొమ్మ చించేస్తాను.

మాస్టారు: చించొద్దు. లారీల బారు ఉంచు. కొంగు తీసేసి, ఆ లారీలు ఎవరి సంతకంతో కదిలాయో ఆ చెయ్యి గీయి.

శిష్యుడు ఒప్పుకున్నాడు. పాఠకుల్లో అందరూ ఒప్పుకోరని తెలుసు. రైతు బిడ్డ ప్రశ్న ఇంకాస్త సేపు నిలబడాల్సిందని కొందరంటారు, నిజమే. అయినా పత్రికల వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లల బొమ్మ టేబుల్ మీదికి వస్తే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ బిడ్డ ఓటు అడిగిందా, సంతకం పెట్టిందా? రెండింటికీ లేదనే జవాబు వస్తే ఆ బొమ్మ ఆపేసి, అదే చోట తండ్రి బొమ్మ రెట్టింపు సైజులో వేయించండి. పాఠకులు చేయాల్సింది కూడా ఒకటుంది. నాయకుడి బిడ్డ మీద మీమ్ మీ ఫోనుకు వస్తే, నవ్వొచ్చినా ఇంకొకరికి పంపకండి.