మన ఇంటి నీళ్లు ఎక్కడికి పోవుచున్నవి?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, యిర్మీయా 29:5–7





రోహిణి కార్తె ఎండలు ముగింపునకు వచ్చినవి. జూన్ మొదటి వారము దాటగానే మృగశిర వచ్చును. దానిని మన పెద్దలు మిరుగు అనేవారు. ఈ దినములలో సోలాపూరు నేతపేటలలో ఏ సందు చూచినను నిచ్చెనలే. ఒకరు రేకులకు మేకులు బిగించుచుందురు, మరియొకరు కంతలకు తారు పూయుచుందురు. గుంట మగ్గము ఉన్న ఇంట గుంటలో నీరు ఊరకుండ చూచుకొనవలెను. గంజి పెట్టిన పడుగు చెమ్మకు అతుక్కొనును. బీడీలు చుట్టే తల్లులకు తంబాకు తడిసినదంటే ఆ దినపు కూలి పోయినట్లే. మనది నల్లరేగడి నేల. వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బి గోడలను బీటలు తీయును. పైగా ఇక్కడ పెద్ద వానలు జూన్‌లో కాదు, సెప్టెంబరులోనే ఎక్కువ. గనుక ఇది ఒక్కనాటి పని కాదు.

ఇట్లు సిద్ధపడుట అవిశ్వాసము కాదు. సామెతలు 6వ అధ్యాయము చీమను చూచి నేర్చుకొమ్మని చెప్పుచున్నది. ప్రసంగి 10:18 సోమరి ఇల్లు కురియునని హెచ్చరించుచున్నది. అయితే ఇంతటితో సరిపోదు.

ద్వితీయోపదేశకాండము 22:8లో ఒక చిన్న ఆజ్ఞ కలదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఎందుకు? ఎవడైనను దానిమీదనుండి పడి చనిపోతే ఆ దోషము ఆ ఇంటిమీదికి వచ్చును. ఆ కాలమున మిద్దె పని చేసుకొను చోటు. రాహాబు జనుపకట్టెను మిద్దెమీదనే పరచుకొన్నదని యెహోషువ 2లో చదువుచున్నాము. నూలు ఆరబెట్టుకొను మనకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ గోడ ఇంటివాని కోసమే కాదు, ఆ ఇంటికి వచ్చువాని కోసము కూడ.

ఈ వాక్యము మమ్మును గద్దించిన విధము మీకు చెప్పవలెను. చాల ఏండ్ల క్రిందట, మేము బడిలో పాఠములు చెప్పుచున్న దినములలో, వానకు ముందు మా గడప యెదుట రాళ్లు, మట్టి వేసి ఎత్తైన కట్ట కట్టుకొన్నాము. మొదటి వాన రాత్రి పడినది. మా ఇంట చుక్క నీరు రాలేదు. కుటుంబ ప్రార్థనలో దేవునికి స్తోత్రములు కూడ చెల్లించినాము. తెల్లవారి చూడగా ఎదురింటి అవ్వ మోకాళ్లమీద కూర్చుండి తడిసిన తునికాకు ఏరుకొనుచున్నది. మా కట్టకు తగిలిన నీరంతయు ఆమె ఇంటిలోనికే పోయినది. ఆమె మాతో జగడమాడలేదు. "సారూ, నీళ్లు ఏడికో ఓ కాడికి పోవాలె గద" అని మాత్రము అన్నది.

ఆ మాట మాకు ఎన్నో ప్రసంగములకంటె ఎక్కువ. రాత్రి మేము స్తోత్రము చెల్లించిన వేళకే ఆమె నీళ్లు తోడుకొనుచుండెను. ఆ ఉదయమే మేము గడ్డపార తీసికొని కట్ట పగులగొట్టినాము, సందు పొడుగునా కాలువ తీసినాము. ఆమె పోగొట్టుకొన్న కూలి ఇచ్చినాము. సిగ్గు మాత్రము నేటికిని తీరలేదు.

కావున ప్రియులారా, ఈ ఏడు మూడు పనులు చేయుదము.

మొదటిది, మన వాకిటి మోరీ మాత్రమే కాక సందు చివరివరకు పూడిక తీయుదము. తీసిన మట్టిని ప్రక్క ఇంటి ముందు పోయవద్దు.

రెండవది, డ్రమ్ములు, హౌదులు వారమునకు ఒకసారి ఖాళీ చేసి, లోపలి అంచులు రుద్ది కడిగి, మూత వేయుదము. డెంగీ దోమ గ్రుడ్లు అంచుకు అంటుకొని ఎండిపోయినను నెలల తరబడి బ్రదికియుండును. ఆ దోమ ఎక్కువ దూరము ఎగురదు. మన డ్రమ్ములో పుట్టినది మన వీధి బిడ్డలనే కుట్టును.

మూడవది, మగ్గము మోటారు వైర్లు, ఎర్తింగు తెలిసినవానిచేత చూపించుదము. వరుస ఇండ్లలో రేకు రేకును తాకుచుండును. ఒక ఇంట తొక్క ఊడిన వైరు తడిసిన రేకునకు తగిలితే పొరుగింటివాని ప్రాణము పోవచ్చును.

"అద్దె ఇల్లే గదా, మన ఊరు కాదు గదా" అని కొందరు అందురు. సోలాపూరు అయినను, భివండి అయినను, సూరత్ అయినను మనము వలస వచ్చినవారమే. బబులోనుకు చెరగా పోయినవారితో దేవుడు యిర్మీయా ద్వారా ఏమి చెప్పెను? ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుకొనుడి, ఆ పట్టణపు క్షేమము కోరుడి అనెను. దాని క్షేమములోనే వారి క్షేమము ఉన్నదని చెప్పెను. పట్టణపు క్షేమము మన సందు మోరీ దగ్గరే మొదలగును.

ఈ వాన రాత్రి పడినప్పుడు, మన కప్పు కురియుట లేదని సంతోషించుటకు ముందు తలుపు తీసి ఎదురింటివైపు చూతము. ఆ తరువాతనే స్తోత్రము చెల్లింతము.

ప్రార్థన: వాన కురిపించు తండ్రీ, మా ఇంటిని కాపాడుము. మా ఇంటివలన పొరుగువారికి కీడు కలుగకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.