పూనకంలో ఎవరి మాట?

ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం చెబుతారు. పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారి వైపు చూస్తూ ఒక స్త్రీ పలుకుతుంది. వానలు పడతాయా, పూజల్లో లోపం జరిగిందా అని అడుగుతారు. ఆమె కోప్పడితే పెద్దపెద్దవాళ్లే చేతులు కట్టుకుంటారు.

ఇదంతా నటన అని కొట్టిపారేసేవాళ్లున్నారు. అమ్మే పలికిందని దండం పెట్టేవాళ్లున్నారు. ఇద్దరికీ తొందరెక్కువేమో!

ఇలాంటి తొందరే 1784లో పారిస్‌లోనూ కనిపించింది. మెస్మర్ అనే వైద్యుడు ఏదో అయస్కాంత శక్తి ఉందని చెప్పి రోగులకు ఫిట్లు తెప్పించి నయం చేసేవాడు. రాజు వేసిన విచారణ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే లాంటి శాస్త్రవేత్తలు ఉన్నారు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో మెస్మర్ శిష్యుడొకడు ఒకే ఒక్క చెట్టుకు శక్తి పట్టించాడు. 12 ఏళ్ల కుర్రాడికి కళ్లకు గంతలు కట్టి చెట్టు చెట్టు దగ్గరికీ నడిపించారు. ఏ శక్తీ పట్టించని నాలుగో చెట్టు దగ్గర వాడు స్పృహ తప్పి పడిపోయాడు. అయస్కాంతమూ లేదు గియస్కాంతమూ లేదు, అంతా ఊహేనని సంఘం తేల్చింది. భలే ప్రయోగం. కానీ కుర్రాడు పడిన మాట నిజమే కదా? ఉత్త ఊహ మనిషిని పడగొడితే, అసలు వింత అదే కదా? 1845లో మన హుగ్లీలో జేమ్స్ ఎస్‌డైల్ అనే స్కాట్లండ్ డాక్టరు ఇంకా ఈథర్ రాకముందే మెస్మర్ పద్ధతిలోనే రోగులను మగతలోకి పంపి ఆపరేషన్లు చేశాడు.

ఊరి జాతరలో డప్పు దరువు మారుతుంది. వేపమండ పట్టుకున్న కోడలి మెడ ఒక్కసారి వెనక్కి వాలుతుంది, జుట్టు విడిపోతుంది. అత్తగారే పరుగున వచ్చి పసుపునీళ్లు చల్లి, "ఏం గావాలె తల్లీ?" అంటుంది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. కాసేపటికి తేరుకుని మంచినీళ్లు తాగి, తనకేం గుర్తులేదంటుంది. నిజంగానే గుర్తుండకపోవచ్చు. గుర్తుంటే పూనకంలో అన్న మాటలకు రేపు జవాబు చెప్పుకోవాల్సింది కూడా ఆమే.

అందుకే పూనింది దేవతా కాదా అన్నది నన్నంతగా పట్టిపీడించదు. అదే నోటి నుంచి పక్కింటి ముసలామె చేతబడి చేసిందన్న మాట వస్తే? బాణామతి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన నేల మనది. పూనినామెకు స్పృహ లేదనే అనుకుందాం. ఆ మాట విని ముసలామె ఇంటి వైపు నడిచినవాళ్లకు ఏ దేవతా పూనలేదు కదా?