రణభూమి సందర్శనము

వేలకొలది మనుష్యులు మడిసిన చోటును టిక్కెట్టు కొని చూడబోవుట ధర్మమా? ప్రథమ ప్రపంచసంగ్రామ మింకను ముగియకమునుపే, 1917వ సంవత్సరమున, మిషలిన్ అను ఫ్రెంచి టైర్ల కంపెనీ యుద్ధభూముల దారిచూపు పుస్తకములను ప్రకటింప నారంభించెను. శతవార్షికసందర్భమున, 2014లో, ఇంగ్లండునందలి ప్రతి సర్కారు ఉన్నతపాఠశాలనుండి ఇద్దరు విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని ఆ స్థలములకు పంపుటకు ప్రభుత్వమే ఏర్పాటు గావించెను.

మార్గదర్శి వెంట నడచి, ఛాయాచిత్రములు తీసికొని, భోజనవేళకు బసకు మరలువాడు పరుల దుఃఖమును వేడుకగా మార్చుచున్నాడని కొంద రాక్షేపింతురు. ఈ యాక్షేపణము త్రోసిపుచ్చదగినది కాదు. అయినను చూడకుండుటయే ధర్మమని మే మంగీకరింపజాలము. 1916 జూలై 1వ తేదీని, సోమ్ నదీప్రాంతమున, బ్రిటిషు సైన్యమున ఒక్కదినముననే 19,240 మంది మరణించిరని పాఠమున చదివిన బాలుడు దానిని పరీక్షలో వ్రాసి మరచిపోవును. అచ్చటి తియెప్వాల్ స్మారకమున, సమాధియైన నెరుగనివారి పేర్లు 72,000కు పైగా చెక్కబడియున్నవి. వానిని ఒక్కొక్కటిగా చదువ మొదలిడిన బాలునకు, పూట గడచినను ఒక మూలయైన ముగియనప్పుడు, ఆ సంఖ్య యెట్టిదో తెలియును.

అయితే చూపువాడేమి చూపుచున్నాడనునది ప్రధానము. బెల్జియమునందలి ఈపర్ పట్టణమున, మెనిన్ ద్వారముక్రింద, 1928 నుండి, జర్మనులు పట్టణము నాక్రమించిన కాలము తప్ప, ప్రతిసాయంకాలము ఎనిమిదిగంటలకు మృతుల గౌరవార్థము బాకా నూదుచున్నారు. ఇంగ్లండు బాలు రచ్చట తలవంచుట యుక్తమే. కాని కొద్దిమైళ్ళ దూరమున లాంగెమార్క్ శ్మశానమున 44,000కు పైబడి జర్మను సైనికులున్నారు. బండి యచ్చటకూడ నాగునా? ఫ్రాన్సునందలి నవ్ షపెల్‌లో, సమాధి తెలియని 4,700కు పైబడిన భారతీయ సైనికుల, కూలీల పేర్లు గల స్మారకమున్నది. జర్మనులతో వీరికి వైరమేమి? ఈ ప్రశ్నను మార్గదర్శి పిల్లలచే నడిగించునా?

మన భారతమున స్త్రీపర్వమందు, వ్యాసుని యనుగ్రహమున దివ్యదృష్టి నొందిన గాంధారి కురుక్షేత్రమును కృష్ణునకు చూపును. నూర్గురు కొడుకులను గోల్పోయిన యా తల్లి తన పుత్రుల కళేబరములతో నిలిచిపోలేదు. శత్రుపక్షమువాడైన అభిమన్యుని, వానిపై బడి విలపించు ఉత్తరను గూడ చూపి దుఃఖించెను. అటుపిమ్మట, ఆపగల శక్తియుండియు నేల యుపేక్షించితివని కృష్ణునే నిలదీసెను.

యుద్ధభూమిని చూపు విధము ఇదియే యని మా యభిప్రాయము. పరుల బిడ్డకొరకు కన్నీరు, అధికారము గలవారికి ప్రశ్న: ఈ రెండును లేని యాత్ర, ఎంతమంది పండితులు నడిపినను, విహారమే యగును. ఈ రెండును నేర్చి తిరిగివచ్చిన బాలుడు, మరియొకనాడు యుద్ధభేరి మ్రోగినపుడు, ఎవరికొరకని యడుగకుండ చప్పట్లు కొట్టడు. ఆ యొక్క లాభమునకై ప్రయాణవ్యయము భరింపవచ్చును.